ఉష్ణమండల దీవి తీరంలో ఏరిన సముద్రపు గవ్వలను గుర్తించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏరుకొచ్చిన గవ్వల పేర్లు తెలుసుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

చాలామంది రంగుతో మొదలుపెడతారు, అక్కడే దారి తప్పుతారు. ఎండకు, ఉప్పునీటికి, ఇసుక రాపిడికి అన్నిటికన్నా ముందు పోయేది రంగే. పైగా ఒకే జాతిలో తెల్లనివి, గోధుమరంగువి, నల్లచారలవి పక్కపక్కనే బతుకుతుంటాయి. ఆకారం అంత తేలిగ్గా మారదు కాబట్టి, చేతిలో ఉన్నది మెలితిరిగిన ఒకే గుల్లా, లేక కీలుతో కలిసి ఉండిన రెండు చిప్పల్లో ఒకటా అన్నది ముందుగా తేల్చుకోవాలి. మెలితిరిగినవి సముద్రపు నత్తలవి, చిప్పలు ఆల్చిప్పల వర్గానివి. తీరంలో దొరికేవాటిలో దాదాపు అన్నీ ఈ రెండింటిలోకే వస్తాయి. రెండు కొసలా తెరుచుకుని కొద్దిగా వంగి ఉండే దంతపు గుల్లలు, చనిపోయాక ఎనిమిది పలకలుగా విడిపోయే కైటన్లు, లోపల గదులు గదులుగా ఉండే నాటిలస్ వంటివి అరుదుగా ఎదురవుతాయి.

ఈ మొదటి విభజన అయ్యాక కుటుంబం, ఆ తరువాత ప్రజాతి (దగ్గరి సంబంధమున్న జాతుల గుంపు), చివరగా జాతి. ఈ వరుస తప్పి నేరుగా జాతి పేరు కోసం బొమ్మలు వెతికితే, పోలికే తప్ప సంబంధం లేని పేరు దగ్గర ఆగిపోతాం. అరిగిపోయిన గుల్లకు కుటుంబం పేరు వరకే సరిగ్గా చెప్పగలిగితే అది సంపూర్ణమైన గుర్తింపే.

ఎక్కడ దొరికిందన్నది అంత ముఖ్యమా?

నా దృష్టిలో గుర్తింపులో సగం పని అదే. ఎర్ర సముద్రం, తూర్పు ఆఫ్రికా తీరం మొదలుకుని హవాయి, పాలినీషియా దీవుల దాకా ఉన్న వెచ్చని జలాలను కలిపి ఇండో-పసిఫిక్ ప్రాంతమంటారు. ఇంత విశాలమైన ప్రాంతంలోనూ ఎన్నో జాతులు ఒక కొస నుంచి మరో కొస దాకా కనిపిస్తాయి. కరీబియన్ దీవుల సంగతి వేరు. సుమారు 30 లక్షల ఏళ్ళ కిందట పనామా భూసంధి ఏర్పడి, పసిఫిక్‌కూ అట్లాంటిక్‌కూ మధ్య ఉష్ణజలాల దారి మూసుకుపోయింది. అప్పటినుంచి రెండువైపులా మిగిలిన జీవులు విడివిడిగా మారుతూ వచ్చాయి. అందువల్ల చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు గుల్లలు, ఒకటి కరీబియన్‌లో, ఒకటి ఇండో-పసిఫిక్‌లో దొరికితే, అవి రెండు వేర్వేరు జాతులు కావడమే సహజం.

దీన్నిబట్టి, ఇండో-పసిఫిక్‌కు చెందిన పులి కౌరీ అనే గవ్వ కరీబియన్ దీవిలో దొరికితే అది అక్కడ పుట్టినది కాదని, ఎవరో జ్ఞాపికగా తెచ్చుకుని పోగొట్టుకున్నదని భావించాలి. మాల్దీవుల నుంచి కౌరీ గవ్వలు డబ్బుగా చెలామణి కోసం శతాబ్దాలపాటు ఓడల్లో పశ్చిమ ఆఫ్రికాకు చేరాయి కనుక, తీరంలో దొరికినంత మాత్రాన ప్రతి గవ్వా అక్కడే బతికిందని అనుకోకూడదు.

దీవి పేరు ఒక్కటే చాలదు. అది పగడపు దిబ్బ అంచున దొరికిందా, ఇసుక మడుగులోనా, మడ అడవి బురదలోనా, పోటు నీరు చేరే చివరి గీత దగ్గరా అన్నది కూడా రాసుకోండి.

నత్త గుల్లను ఎలా పట్టుకుని చూడాలి?

మొనదేలిన శిఖరం పైకి, నోరు మీవైపు ఉండేలా పట్టుకోండి. నోరు కుడిపక్కన కనిపిస్తే అది కుడిచుట్టు గుల్ల. సముద్రపు నత్తల్లో అత్యధిక భాగం ఇలాంటివే. ఫోటోలో ఎడమపక్కన నోరు కనిపిస్తే, అరుదైనది దొరికిందని సంబరపడేముందు ఆ ఫోటో అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి పడిందేమో చూసుకోవడం మంచిది.

ఆ తరువాత చూపు నోటిమీద నిలపాలి, ఎందుకంటే కుటుంబాన్ని చెప్పే ఆనవాళ్ళలో ఎక్కువ భాగం అక్కడే ఉంటాయి. నోరు గుండ్రంగా ఉందా, సన్నటి చీలికలా ఉందా? బయటి పెదవి పలుచనా, మందమా, దానికి పళ్ళున్నాయా? లోపలి పక్కన, గుల్ల చుట్లన్నీ చుట్టుకునే నడిమి స్తంభం మీద, మడతలు కనిపిస్తున్నాయా? నోటి కింది కొస మూసుకుపోయిందా, లేక నత్త నీళ్ళు పీల్చుకునే గొట్టం బయటికి చాచుకునేందుకు వీలుగా గంటు గానీ కాలువ గానీ ఉందా? అడుగున నాభి వంటి గుంట ఉందా? ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకుని, శిఖరం కొన నుంచి అడుగు దాకా పొడవును మిల్లీమీటర్లలో కొలిస్తే, ఏ గైడు పుస్తకంలోనైనా సరైన పేజీకి చేరుకోగలరు.

నున్నగా మెరిసే గుండ్రటి గవ్వలు దొరికాయి. కొన్నిటి వీపు ఊదారంగులో ఉంది. అవి వేరే జాతా?

కాకపోవచ్చు. వీపు గుమ్మటంలా ఉబ్బి, అడుగు చదునుగా ఉండి, రెండువైపులా పళ్ళున్న పొడవాటి చీలిక నోరు కనిపిస్తే అది కౌరీ. బతికున్నప్పుడు నత్త తన శరీరంలోని పొరను రెండు పక్కల నుంచీ పైకి చాచి గుల్లను కప్పి ఉంచుతుంది. ఆ పొరే గుల్లకు నునుపైన పూతను చేరుస్తూ ఉంటుంది కాబట్టి కౌరీలకు అంత నిగనిగ ఉంటుంది. చనిపోయాక అలల్లో దొర్లి పైపూత అరిగితే, లోపలి నీలం లేదా ఊదారంగు పొర బయటపడుతుంది.

దీవుల తీరాల్లో విరివిగా దొరికే రెండు చిన్న కౌరీలను దగ్గరగా చూద్దాం. ఒకటి డబ్బు కౌరీ, శాస్త్రీయంగా మొనెటేరియా మొనేటా. రెండోది ఉంగరపు కౌరీ, మొనెటేరియా ఆన్యులస్. కొత్తగా ఉన్నప్పుడు రెండోదాని వీపు మీద నారింజ-పసుపు రంగు వలయం స్పష్టంగా ఉంటుంది. కానీ మొదటిదాని మీదా కొన్నిసార్లు సన్నటి వలయం కనిపిస్తుంది, అరిగిన వాటిలోనైతే రెండింటికీ ఏ వలయమూ మిగలదు. అప్పుడు గవ్వను వీపు పైకి ఉండేలా అరచేతిలో పెట్టుకుని అంచు వెంట చూడండి. డబ్బు కౌరీ అంచు ఎగుడుదిగుడుగా, మూలలు తేలి, వెనుకవైపు బుడిపెలతో ఉంటుంది. ఉంగరపు కౌరీ అంచు కోడిగుడ్డు ఆకారంలో సాఫీగా సాగుతుంది. రంగు మొత్తం పోయిన గవ్వను కూడా ఈ ఒక్క ఆనవాలుతో నమ్మకంగా విడదీయవచ్చు.

పిల్ల కౌరీలు మరో చిక్కు తెచ్చిపెడతాయి. వాటి గుల్ల పలుచగా, నోరు వెడల్పుగా, శిఖరం బయటికి కనిపిస్తూ, పళ్ళు లేకుండా ఉంటుంది. ఎదిగాక బయటి పెదవి లోపలికి మడుచుకుని, మందమై, పళ్ళు ఏర్పడతాయి. అందువల్ల పలుచని, పళ్ళులేని గుల్ల దొరికితే వేరే కుటుంబం అని తేల్చేముందు పిల్ల కౌరీ అయ్యే అవకాశాన్ని గుర్తుంచుకోవాలి.

కోన్ నత్తకూ ఆలివ్ నత్తకూ తేడా ఏమిటి? కోన్‌లు నిజంగా ప్రమాదకరమా?

రెండింటికీ నోరు పొడవుగా, సన్నగా ఉంటుంది. కోన్ గుల్ల పైన వెడల్పుగా మొదలై కిందికి వస్తున్నకొద్దీ సన్నబడుతుంది, నడిమి స్తంభం నున్నగా ఉంటుంది. ఆలివ్ గుల్ల పొడవాటి గుండ్రటి ఆకారంలో, గాజులాంటి మెరుపుతో ఉంటుంది, లోపలి పెదవి మీద మడతలు వరుసగా కనిపిస్తాయి. సందేహం మిగిలితే శిఖరం దగ్గర గోరు ఆనించి చూడండి: ఆలివ్‌లో చుట్టుకూ చుట్టుకూ మధ్య అతుకు సన్నటి కాలువలా లోతుగా ఉండి గోరుకు తగులుతుంది.

ప్రమాదం మాటకొస్తే, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. బతికున్న ప్రతి కోన్ నత్తకూ విషం ఉంటుంది. నోటి గొట్టం చివరి నుంచి బాణంలాంటి బోలు పంటిని విసిరి ఎరలోకి విషం ఎక్కిస్తుంది. చేపలను వేటాడే జియోగ్రఫీ కోన్ కాటుతో మనుషులు చనిపోయిన సందర్భాలు నమోదై ఉన్నాయి, ఆ విషానికి విరుగుడు మందు లేదు. ఆ గొట్టం గుల్ల వెనుకవైపుకూ వంగి చేరగలదు కాబట్టి ఫలానా చోట పట్టుకుంటే భద్రం అనే సలహాలను నమ్మవద్దు. నీళ్ళలో ఉన్న కోన్‌ను ముట్టుకోకూడదు, తీరంలో దొరికినదైనా లోపల ఖాళీ అని రూఢి కానిదే చేతిలోకి తీసుకోకూడదు, జేబులో వేసుకోకూడదు. కాటు పడితే వెంటనే ఆసుపత్రికి చేర్చాలి, ఊపిరి ఆడుతోందో లేదో కనిపెట్టుకుని ఉండాలి. ఇదే విషం వైద్యానికీ పనికొచ్చింది. మాంత్రికుడి కోన్ అనే జాతి విషంలోని ఒక పదార్థం ఆధారంగా తయారైన జికోనొటైడ్ అనే నొప్పి నివారణ మందుకు అమెరికాలో 2004లో అనుమతి లభించింది.

ఖాళీ కోన్ గుల్లలను జాతి స్థాయిలో విడదీయడానికి శిఖరం అంచున బుడిపెలు ఉన్నాయా లేదా, అడుగు కొన రంగు ఏమిటి అన్నవి బాగా ఉపయోగపడతాయి. వరుసల్లో నల్లచుక్కలున్న పెద్ద కోన్‌లు రెండున్నాయి. లిట్టరేటస్ కోన్ అడుగు కొన లోపలివైపు ముదురురంగులో ఉంటుంది, చిరుత కోన్‌కు తెల్లగా ఉంటుంది. బతికున్నప్పుడు కోన్‌ల మీద గోధుమరంగు పైతోలు ఉండి ఈ గుర్తులన్నిటినీ దాచేస్తుంది.

సూదిలా పొడవైన గుల్లలన్నీ ఒకటేనా?

కావు. నోటి అడుగున గంటు ఉండి చుట్లు చదునుగా ఉంటే ఆగర్. నోరు గుండ్రంగా ఉండి గంటు లేకపోతే టరిటెల్లా. కింద పొట్టి కాలువ ఒక పక్కకు వంగి, ఒంటినిండా బుడిపెలుంటే సెరిత్. నోరు విరిగిపోయిన వాటి జోలికి వెళ్ళి కాలం వృథా చేసుకోనక్కరలేదు.

అలల అంచున రాళ్ళ మీద దొరికే చిన్న, మందపాటి గుండ్రటి గుల్లలేమిటి? గుండ్రటి రాతి బిళ్ళల వంటివి కూడా దొరికాయి.

అర్ధచంద్రాకారపు నోరు, లోపలి పక్కన పళ్ళున్న చదునైన అరుగు కనిపిస్తే అవి నెరైట్ నత్తలు. ఇవి పెరిగేకొద్దీ గుల్ల లోపలి గోడలను తామే కరిగించుకుంటాయి. అందువల్ల విరిగిన నెరైట్‌లోకి తొంగిచూస్తే మిగతా నత్తల్లో ఉండే నడిమి స్తంభం కనిపించదు, ఒకే ఖాళీ గది ఉంటుంది. ముక్క మాత్రమే దొరికినా ఈ ఆనవాలుతో కుటుంబం చెప్పేయవచ్చు.

నోరు గుండ్రంగా ఉండి, లోపల ముత్యపు మెరుపు ఉంటే అది టర్బో, లేదా అడుగు చదునుగా ఉన్న శంకువు ఆకారమైతే ట్రోకస్. మీకు దొరికిన బిళ్ళలు చాలావరకు టర్బో నత్తల మూతలే అయి ఉంటాయి. ఒకవైపు చదునుగా సుడి గీతతో, రెండోవైపు ఉబ్బెత్తుగా ఉంటాయి. వాటిలో కొన్నిటికి మధ్యలో పచ్చటి మచ్చ ఉండటం వల్ల పిల్లికన్ను అని పిలుస్తారు. ట్రోకస్ మూత పలుచగా, కొమ్ము వంటి పదార్థంతో ఉంటుంది కాబట్టి తీరంలో నిలవదు. గుల్లతోపాటు మూత కూడా దొరికితే విడదీయకుండా భద్రపరచండి, గుర్తింపుకు అది గొప్ప సాక్ష్యం.

వేళ్ళలాంటి కొమ్ములున్న గుల్ల దొరికింది. కొమ్ముల్లేని, అదే రంగు గుల్ల కూడా ఉంది.

మొదటిది సాలీడు శంఖం, అంటే లాంబిస్ అయి ఉండాలి. రెండోది దాని పిల్లే కావచ్చు, ఎందుకంటే ఎదుగుదల పూర్తయ్యాకే పెదవికి కొమ్ములు వస్తాయి. లాంబిస్‌లూ, వాటి కుటుంబంలోని స్ట్రోంబస్‌లూ ఒక ఆనవాలుతో తెలిసిపోతాయి: బయటి పెదవి కింది భాగంలో లోతైన నొక్కు ఉంటుంది, నత్త తన కుడికన్నును దానిలోంచి బయటికి పెట్టి చూస్తుంది. నొక్కు లేకుండా, ఒంటి మీద ముళ్ళ వరుసలు నిలువుగా ఉంటే అది మ్యూరెక్స్ కుటుంబం.

చిప్ప ఒక్కటే దొరికింది. దానితో జాతి చెప్పవచ్చా?

చాలాసార్లు చెప్పవచ్చు, కానీ అందుకు చిప్ప లోపలివైపు చూడాలి. బయట ఉన్న గట్లు, రంగులు ఎన్నో కుటుంబాల్లో ఒకేలా ఉంటాయి. తీరంలో తరచూ తికమక పెట్టే జంట ఒకటుంది. ఆర్క్ చిప్పకూ కాకిల్ చిప్పకూ వీపున గట్టి నిలువు గట్లుంటాయి, రెండూ తెల్లగా, ఉబ్బెత్తుగా ఉంటాయి. తిప్పి కీలు చూస్తే సందేహం తీరిపోతుంది: ఆర్క్‌కు తిన్నటి గీత వెంట సన్నటి పళ్ళు దువ్వెన పళ్ళలా బారుగా ఉంటాయి, కాకిల్‌కు వంపు తిరిగిన కీలు మధ్యలోనూ కొసల్లోనూ కొద్ది పళ్ళే ఉంటాయి. స్కాలప్‌కు పళ్ళుండవు, కీలుకు రెండువైపులా చెవుల వంటి రెక్కలుంటాయి.

లోపలి నునుపు మీద కండరాలు అంటిపెట్టుకున్న మచ్చలనూ, అంచుకు సమాంతరంగా సాగే గీతనూ భూతద్దంతో చూడండి. ఆ గీత ఒకచోట లోపలికి వంపు తిరిగితే, అది గొట్టాలను చాచుకునే, ఇసుకలో పూడుకుని బతికే జీవి అని తెలుస్తుంది. వంపు ఎంత లోతుగా ఉంటే అది అంత లోతున బతికిందని సాధారణంగా అనుకోవచ్చు. ఆ వంపు ఉన్నవైపే జీవి వెనుకభాగం కాబట్టి, అది కుడి చిప్పో ఎడమ చిప్పో కూడా దీనితోనే తేలుతుంది.

గుల్ల మీద యంత్రంతో తొలిచినట్టు గుండ్రటి రంధ్రం ఉంది. ఎవరైనా దండ కోసం చేసినదా?

సాధారణంగా కాదు, మరో నత్త చేసిన వేట గుర్తు అది. భూతద్దంతో రంధ్రం అంచు చూడండి. బయట వెడల్పుగా మొదలై లోపలికి వాలుగా సన్నబడితే చంద్రనత్త పని. గోడలు నిటారుగా ఉంటే మ్యూరెక్స్ కుటుంబానికి చెందిన నత్త పని. రెండూ నాలుక మీది పళ్ళతో గీకుతూ, కరిగించే రసాన్ని వాడుతూ గంటల తరబడి తొలుస్తాయి. సగంలో ఆగిపోయిన రంధ్రాలూ కనిపిస్తాయి. అలాంటి గుల్లను పాడైందని పారవేయకండి, దానిలో రెండు జీవుల సంగతి ఉంది.

గవ్వలా ఉండి గవ్వ కానివి ఏమేమిటి?

అయిదు రేకుల పువ్వు ఆకారంలో చుక్కలున్న పలుచని బిళ్ళలు, బంతులు సముద్రపు ముళ్ళజీవుల అస్థిపంజరాలు. వంకరటింకర తెల్ల గొట్టాలు ఎక్కువగా సముద్రపు పురుగుల ఇళ్ళు. చుట్లు ఒకదానికొకటి తగలకుండా, గదులుగా, తెల్లగా ఉన్న చిన్న సుడి దొరికితే మాత్రం అది నత్తలూ ఆల్చిప్పలూ చేరే మొలస్కా వర్గపు జీవిదే: లోతుజలాల్లో బతికే స్పైరులా అనే చిన్న జీవి శరీరం లోపలి గుల్ల అది. గదుల్లో గాలి ఉండటం వల్ల తేలుతూ ఎంతో దూరం నుంచి కొట్టుకొస్తుంది. లేత ఊదారంగు పలుచని జాంతినా గుల్లలు కూడా తీరపు జీవులు కావు. నురగ బుడగల తెప్పకు వేలాడుతూ నడిసముద్రంలో బతికే నత్తలవి, గాలివాటుకు ఒడ్డు చేరతాయి.

గుల్ల ఖాళీగా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి? తీసుకెళ్ళవచ్చా?

నీడలో, తడి ఇసుక మీద నోరు కిందికి పెట్టి కాసేపు కదలకుండా ఎదురుచూడండి. సన్యాసి పీత ఉంటే కాళ్ళు బయటపెడుతుంది. ఉష్ణమండల దీవుల్లో నేల మీద తిరిగే సన్యాసి పీతలు ఖాళీ గుల్లల మీదే ఆధారపడి బతుకుతాయి, పెరిగినకొద్దీ పెద్ద గుల్ల వెతుక్కోవాలి. కాబట్టి చెక్కుచెదరని మంచి గుల్లలను తీరంలోనే వదిలి, గుర్తింపు కోసం ఫోటోలు తీసుకోవాలన్నదే నా గట్టి అభిప్రాయం.

చట్టం సంగతి దేశాన్నిబట్టి మారుతుంది, అభయారణ్యాల్లో ఒక్క గవ్వ తీయడం కూడా నేరం కావచ్చు. సరిహద్దు దాటేటప్పుడు, ముప్పున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం వర్తిస్తుంది. దాని రెండో అనుబంధంలో రాక్షస ఆల్చిప్పలన్నీ ఉన్నాయి. కరీబియన్ రాణి శంఖాన్ని 1992లో చేర్చారు. నాటిలస్‌లను చేర్చాలని 2016లో నిర్ణయించారు. చనిపోయి కొట్టుకొచ్చిన గుల్ల అయినా ఈ నియమాలు వర్తిస్తాయి. అందుకే మందమైన, అలల్లాంటి మడతలున్న చిప్ప ముక్కను స్కాలప్ అనుకుని సంచిలో వేసుకునే ముందు చెవులున్నాయేమో చూడాలి, లేకపోతే అది రాక్షస ఆల్చిప్పది కావచ్చు.

పుస్తకంలో ఒక శాస్త్రీయ నామం, వెబ్‌సైట్‌లో మరొకటి ఉన్నాయి. ఏది సరైనది?

రెండూ ఒకే జీవివి కావచ్చు. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని నెలకొల్పిన లిన్నేయస్ 1758లో కౌరీలన్నిటినీ సిప్రియా అనే ఒకే ప్రజాతిలో ఉంచాడు, తరువాత వాటిని చాలా ప్రజాతులుగా విడదీశారు. పులి కౌరీ నేటికీ సిప్రియా టైగ్రిస్‌గానే ఉంది, డబ్బు కౌరీ మొనెటేరియాలోకి మారింది. పెద్ద ట్రోకస్ పేరు ట్రోకస్ నిలోటికస్ నుంచి టెక్టస్‌కు, అక్కడినుంచి రోకియాకు మారింది. పేరు పెట్టినవారి పేరూ సంవత్సరమూ కుండలీకరణాల్లో ఉంటే, ఆ జాతి మొదటి ప్రజాతిలో ఇప్పుడు లేదని అర్థం. ప్రస్తుతం చెల్లుబాటయ్యే పేరు కోసం మొలస్కాబేస్ అనే ఆన్‌లైన్ పేర్ల జాబితాలో పాత పేరు వెతికితే కొత్తదానికి దారి చూపిస్తుంది.

ఫోటో చూసి పేరు చెప్పే యాప్‌లను నమ్మవచ్చా?

కుటుంబం వరకు బాగానే సాయపడతాయి. అరిగినవాటి విషయంలోనూ, పిల్ల గుల్లల విషయంలోనూ జాతి పేరును సూచనగానే తీసుకోవాలి. నోరు, వీపు, శిఖరం, పక్కవైపు విడివిడిగా, పక్కన స్కేలు పెట్టి, మసక వెలుతురులో కాక పగటి నీడలో తీసిన ఫోటోలనే, జీవుల ఫోటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ వంటి వెబ్‌సైట్‌లో పెట్టండి. అక్కడ తెలిసినవారు నోటి ఫోటో కోసమే మొదట అడుగుతారు.

శుభ్రం చేసి ఎలా దాచుకోవాలి?

మంచినీళ్ళలో ఒక రోజు నానబెట్టి మెత్తటి బ్రష్‌తో తోమితే చాలు. పాకుడు, పైతోలు తీయడానికి నీళ్ళు కలిపిన బ్లీచ్ వాడవచ్చు, కానీ కౌరీలకూ ఆలివ్‌లకూ అది అవసరం లేదు. గుల్ల దాదాపు అంతా కాల్షియం కార్బొనేట్ కనుక వెనిగర్ గానీ మరే ఆమ్లం గానీ తగలనివ్వకండి. మెరుపు తేవడానికని ముంచితే పైపూత, దానితోపాటు సన్నటి గుర్తులూ కరిగిపోతాయి.

దాచాక కూడా ఆమ్లం ముప్పు తప్పదు. ఓక్ వంటి చెక్క పెట్టెల నుంచీ, కొన్ని అట్టల నుంచీ వెలువడే ఆమ్లపు ఆవిర్లు తేమతో కలిసి గుల్లల మీద తెల్లటి బూజులాంటి పొడి ఏర్పరుస్తాయి. దీన్ని 1899లో వర్ణించిన బైన్ పేరుతో బైన్ వ్యాధి అంటారు. ఆయన దానికి బ్యాక్టీరియా కారణమనుకున్నా, నిజానికి అది రసాయనిక చర్య. ఒక గుల్ల మీద పొడి కనిపిస్తే వెంటనే నీళ్ళలో బాగా కడిగి, పూర్తిగా ఆరబెట్టి, లోహపు సొరుగులోకి గానీ పాలీప్రొపిలీన్ డబ్బాలోకి గానీ మార్చండి. పాత పెట్టెలోని దూది, అట్టముక్కలు కొత్తదానిలో వేయకండి. దొరికిన దీవి, తీరం, తేదీ, స్థలపు స్వభావం రాసిన చీటీని పెన్సిల్‌తో, ఆమ్లం లేని కాగితం మీద రాసి, ప్రతి గుల్లతోపాటు అదే డబ్బాలో ఉంచండి. గుల్ల మీద నేరుగా అంకె వేయాల్సి వస్తే నల్ల ఇంకుతో నోటి లోపలివైపు, గుర్తింపుకు పనికొచ్చే పళ్ళనూ మడతలనూ తప్పించి వేయండి.